అమ్మవారి గుమ్మం మీద సుద్దగీత

ఇరవై తొమ్మిదేళ్ళకి పదవీ విరమణ ఏమిటని మా నాన్న నవ్వాడు. కానీ ఆఫీసువాళ్ళు శాలువా కప్పారు, గోడ గడియారం ఇచ్చారు, రసగుల్లాలు పెట్టారు, ఇద్దరు ప్రసంగించారు, ఒకరు కళ్ళు తుడుచుకున్నారు. దీన్ని విరమణ కాక మరేమంటారో నాకు తెలియదు. వచ్చే నెల నుంచి నేను ఒక బడి గ్రంథాలయంలో పనిచేస్తాను. అక్కడ ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. ఆ నియమం కోసమే నేను పుట్టానని మా అమ్మ అభిప్రాయం.

నా స్థానంలోకి ఇద్దరు అమ్మాయిలు వస్తున్నారు. "అక్కా, అసలు ఈ పని ఏమిటి?" అని వాళ్ళు అడిగినప్పుడు నేను నవ్వి ఊరుకున్నాను. ఎదురుగా కూర్చుని చెప్పడం నాకు రాదు. రాయడం కొంచెం వచ్చు. నా దగ్గర ఆరేళ్ళ డైరీలున్నాయి. జీతాలూ నివేదికలూ సమావేశాలూ పక్కన పెట్టి, నిజంగా నాకు పని నేర్పిన నాలుగు సంగతులు వాటిలోంచి ఏరి ఇక్కడ పెడుతున్నాను.

ముందు పని ఏమిటో చెబుతాను. మేం ఉండేది బెంగాలీవాళ్ళ మహానగరంలో. ఖిదిర్‌పూర్ రేవు దగ్గర ఒక రోడ్డుకి ఇటువైపు శ్రీకాకుళం నుంచి మూడు తరాల కిందట వచ్చిన తెలుగు కుటుంబాల వీధి, అటువైపు ఉర్దూ మాట్లాడే ముస్లిం కుటుంబాల వీధి. ఇటువాళ్ళ తాతలు రేవులో బస్తాలు మోశారు, నానమ్మలు కార్పొరేషన్ వీధులు ఊడ్చారు. ఈ రెండు వీధుల్లో పసిపిల్లలకి టీకాలు వేళకి పడేలా చూడటం మా సంస్థ పని. టీకా మేం వెయ్యం. అది ఆరోగ్య కేంద్రం నుంచి వచ్చే షబానా దీదీ వేస్తుంది. మంచం మీద ఉన్న బిడ్డని ఆమె కుర్చీ దాకా తీసుకురావడం మా పని. ఆ మధ్య దూరం ఒక్కోసారి ఇరవై అడుగులు. ఆ ఇరవై అడుగులకి మూడేళ్ళు పట్టిన ఇళ్ళు కూడా ఉన్నాయి.

టీ ఎవరిచ్చారు

మా పై అధికారి పేరు రీనా, మాకు రీనాది. ఒకప్పుడు నర్సు. 'ది' అంటే బెంగాలీలో అక్క. ఆఫీసులో ఆమెని మేడమ్ అని ఎవరూ అనరు, అంటే ఊరుకోదు కూడా.

మొదటి రోజు నేను రెండు వీధులూ తిరిగి, ముత్యాల్లాంటి చేతిరాతతో ఫారాలు నింపి, సాయంత్రం నలుగురూ ఉండగా ఆమె బల్ల మీద పెట్టాను. ఆమె వాటిని ముట్టుకోలేదు.

"ఈరోజు టీ ఎవరిచ్చారు?" అంది.

"ఎవరూ ఇవ్వలేదు."

"అయితే ఈరోజు నువ్వు పనిలోకి రానట్టే."

స్నానాల గదిలోకి వెళ్ళి ఏడిచాను. ఆ రోజు డైరీలో 'ఈమె అన్యాయస్తురాలు' అని రాసి కింద రెండు గీతలు గీశాను. మూడు నెలలు గడిచాక అర్థమైంది. గుమ్మం బయట నిలబెట్టి జవాబు చెప్పే తల్లి, మనం తొందరగా వెళ్ళిపోవడానికి ఏది చెప్పాలో అదే చెబుతుంది. పిల్లాడికి టీకా పడిందా అంటే పడింది అంటుంది. లోపల కూర్చోబెట్టి టీ ఇచ్చినప్పుడే, గ్లాసు సగమయ్యాక, "అక్కా, ఒకటి పడనేదు, జొరమొచ్చిందని మా ఆయన వద్దన్నాడు" అని నిజం బయటికొస్తుంది. రీనాది అడిగింది టీ గురించి కాదు.

అయినా నా తీర్పు ఒకటి రాసిపెడతాను. ఆ మాట ఆమె నలుగురి ముందు అనకుండా ఉండాల్సింది. కొత్తగా వచ్చినవాళ్ళని మీరు ఎప్పుడూ అలా అనకండి. పాఠం సరైనదే, చెప్పిన తీరు తప్పు. ఈ సంగతి శాలువా కప్పిన రోజు ఆమెతోనే చెప్పాను. "ఆరేళ్ళు కడుపులో పెట్టుకున్నావా?" అని ఆమె నా వీపు మీద ఒకటి చరిచింది.

చదవని కాగితం

రెండో తప్పు పూర్తిగా నాదే. తెలుగు వీధి కదా అని, టీకాల గురించి తెలుగులో ఒక కరపత్రం రాశాను. చిన్నప్పటి నుంచి సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో అట్టలు ఊడిపోయిన తెలుగు పుస్తకాలు చదువుకుంటూ పెరిగినదాన్ని. ఆ కరపత్రంలో నా తెలుగంతా పెట్టాను. నాలుగుసార్లు దిద్దాను. అచ్చయి వచ్చిన రోజు ఆనందంతో ఒకటి డైరీలో అంటించుకున్నాను.

వీధిలో మొదటి ప్రతి లక్ష్మికి ఇచ్చాను. లక్ష్మికి అప్పటికి కొత్తగా పెళ్ళయింది, నాకంటే రెండేళ్ళు చిన్న. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"బొమ్మ నేదేటి అక్కా?"

"చదువు లక్ష్మీ, తెలుగే."

"తెలుగు మాటాడతాం గానీ ఎవులు సదువుతారక్కా? నాను సదివింది హిందీ బడి. మా ఆయన బంగ్లా. మా అత్తకయితే ఏదీ రాదు. దీన్ని దేవుడి పటం దగ్గర పెడతాను, పోనీ. నువ్వు ఇచ్చినావు కదా."

ఆ వీధిలో తెలుగు నోటి మీద బతుకుతోంది, కాగితం మీద లేదు. ఆ సంగతి ఒక్క ఇంట్లో ముందు అడిగి ఉంటే తెలిసేది. నేను అడగలేదు, ఎందుకంటే నాకు రాయడం ఇష్టం. మీకు ఏది ఇష్టమో అది జనానికి అవసరమని అనుకోవద్దు.

ఆ తర్వాత కాగితం మానేసి, నిమిషం నిడివి మాటలు ఫోనులో రికార్డు చేసి పంపడం మొదలుపెట్టాను. ఎవరైనా వింటారేమో అని ఆఫీసు మెట్ల కింద, చీపుర్ల పక్కన కూర్చుని రికార్డు చేసేదాన్ని. అవి వీధంతా పాకాయి. ఒకరోజు లక్ష్మి అంది: "నీ గొంతు మా ఇంట్లో రోజూ మాటాడతాది. నువ్వు మాత్రం మాటాడవు."

మైకులో ఒక్క మాట

రోడ్డుకి అటువైపు మసీదు ఇమామ్ గారు పెద్దాయన. వాళ్ళ మైకులో టీకా రోజు గురించి చెప్పమని అడగడానికి నేనూ షబానా దీదీ వెళ్ళాం. షబానా దీదీ ఆ వీధి మనిషే, ఇమామ్ గారిని చాచా అంటుంది. నేను హిందీలో ఇరవై వాక్యాలు రాసుకెళ్ళాను. టీకా సురక్షితం, భయపడకండి, పుకార్లు నమ్మకండి, ఇలా.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, కాగితం మడిచి నాకే ఇచ్చేశారు.

"భయపడకండి అని నువ్వు మైకులో చెబితే, భయపడాల్సింది ఏదో ఉందని అందరూ అనుకుంటారు బేటీ. పుకార్లు నమ్మకండి అంటే, విననివాడు కూడా ఏమిటా పుకారు అని అడుగుతాడు."

"మరి ఏం చెప్పాలి?" అంది షబానా దీదీ.

"బుధవారం పది గంటలకి, మక్తబ్ వరండాలో. నా మనవడిని తీసుకొస్తున్నాను. అంతే."

మక్తబ్ అంటే పిల్లలు ఖురాన్ చదువుకునే గది. మసీదు పక్కనే ఉంటుంది. ఆ బుధవారం ఆయన మనవడిని ఎత్తుకుని అందరికంటే ముందు వచ్చి కూర్చున్నారు. మనవడు ఆయన గడ్డం పట్టుకుని ఏడ్చాడు. వరండా నిండిపోయింది. స్థానిక భాగస్వామ్యం అని ఆఫీసు ఫారాల్లో ఉంటుంది. ఆ మాటకి నాకు తెలిసిన అర్థం ఇదే. వాళ్ళ చేత మన మాట పలికించడం కాదు. వాళ్ళు మన మాట కొట్టేసి తమ మాట చెబుతుంటే పక్కన నిలబడటం.

ఇంటూ గుర్తు

ఇప్పుడు నా పెద్ద తప్పు.

పోలియో చుక్కల ఆదివారాల్లో మేం ఇల్లిల్లూ తిరిగి, ప్రతి ఇంటి గోడ మీద సుద్దతో గుర్తు పెడతాం. పిల్లలందరికీ చుక్కలు పడితే ఒక గుర్తు. ఎవరైనా మిగిలిపోతే ఇంటూ గుర్తు, అంటే మళ్ళీ రావాలని. అది చూసి మర్నాడు వేరే బృందం వస్తుంది.

ఆ ఆదివారం తెలుగు వీధిలో ఒక ఇంటికి వెళ్ళాను. రేవులో పనిచేసే అప్పన్న ఇల్లు. నాలుగేళ్ళ కూతురు ఉంది. తలుపు ఓరగా వేసి ఉంది. గుమ్మానికి పచ్చిగా వేపమండలు కట్టి ఉన్నాయి, ద్వారబంధానికి తాజాగా పసుపు రాసి బొట్లు పెట్టారు. ఏదో పండగ అనుకున్నాను. "వదినా" అని ఒకసారి పిలిచాను. నా పిలుపు నాకే సరిగా వినపడలేదు. రెండోసారి గట్టిగా పిలవడానికి సిగ్గేసింది. గోడంతా ఎన్నికల పోస్టర్లు, సుద్ద పడే చోటు లేదు. అందుకని ద్వారబంధం మీదే, ఆ పసుపు మీద, ఇంటూ గీసి వచ్చేశాను.

ఆ ఇంట్లో పాపకి తట్టు పోసింది. ఆ వీధిలో దాన్ని తట్టు అనరు, అమ్మవారు ఇంటికొచ్చింది అంటారు. వేపమండలు కట్టాక బయటివాళ్ళు ఎవరూ గడప తొక్కకూడదు, ఇంట్లో పోపు వెయ్యకూడదు, చల్లని మాటలే మాట్లాడాలి. ఇవన్నీ నేను పుస్తకాల్లో చదివాను. మా క్వార్టర్లలో ఎవరికేం వచ్చినా రైల్వే ఆసుపత్రే, కంటితో ఎప్పుడూ చూడలేదు. చదివినది ఎదురుగా కనపడితే గుర్తుపట్టలేకపోయాను.

అమ్మవారు కూర్చున్న గుమ్మాన్ని ఎవరో ఇంటూ గీసి కొట్టేసి పోయారని సాయంత్రానికి వీధంతా తెలిసింది. సోమవారం నేను వెళ్ళేసరికి వీధి మొదట్లోని కుళాయి దగ్గర పైడమ్మ నిలబడి ఉంది. కార్పొరేషన్‌లో ఊడ్చే పని చేసి రిటైరైన మనిషి, లక్ష్మికి అత్తగారు. వీధిలోని చిన్న అమ్మవారి గుడికి దీపం పెట్టేది ఆమె. మంచి చెడ్డా ఆమె మాటే చెల్లుతుంది. అందరూ ఆమెని మామ్మ అంటారు.

"ఏటే చుక్కలమ్మా, మళ్ళీ ఎవుల గుమ్మం కొట్టేద్దామనొచ్చినావు?"

నేను సుద్దముక్కలున్న సంచిని వెనక్కి దాచుకున్నాను.

"తల్లి మా ఇంటికొత్తే నీకేటి నొప్పి? పొమ్మని గీత గీత్తావా? అమ్మ ఎల్లినదాకా నీ సూది మా ఈదిలో దిగితే ఒట్టు. ఎల్లు."

మిగతా ఆడవాళ్ళు నాకేసి చూడకుండా బిందెలు నింపుకుంటున్నారు. వాళ్ళలో లక్ష్మి ఉంది. ఆమె చంకలో తొమ్మిది నెలలు నిండిన కూతురు చిన్ని. సరిగ్గా ఆ వయసుకే తట్టు టీకా మొదటిది వెయ్యాలి. చిన్ని పేరు ఆ బుధవారం జాబితాలో ఉంది. అప్పన్న ఇంటికీ చిన్ని ఇంటికీ మధ్య రెండే గుమ్మాలు.

దొంగ టీకా

తట్టు ఎలా పాకుతుందో మీకు శిక్షణలో చెబుతారు. ఆ రాత్రి డైరీలో నేను రాసింది ఒక్క మాట: 'చిన్నికి వస్తే, నా సుద్ద వల్ల.' ఆ బుధవారం తప్పితే మళ్ళీ వారం ఆగాలి.

మంగళవారం పొద్దున లక్ష్మి నన్ను రోడ్డు మీద పట్టుకుంది.

"అక్కా, రేపు మా అత్త గుడి కడిగినప్పుడు నాను పిల్లని ఎత్తుకుని ఎనక సందులోంచి సూదేసే దిదిమణి కాడికి వచ్చేత్తాను. టపీమని పొడిపించీసి తెచ్చీసుకుంటాను. ఆవిడికి తెల్దు."

నాకు ప్రాణం లేచొచ్చింది. సరే అనబోయాను. నిజానికి 'స' అన్నాను కూడా. పక్కనే షబానా దీదీ టీకాల పెట్టె దించుకుంటోంది. తెలుగు ఆమెకి కొంచెం తెలుసు, చేతులు తిప్పి మాట్లాడితే పూర్తిగా తెలుస్తుంది.

"వద్దు" అంది హిందీలో. "టీకా పడ్డాక పిల్లకి జ్వరం రావచ్చు. అప్పుడు మీ అత్తకి ఏం చెబుతావు? దాస్తావు. దాచి, నాకు చూపించవు. రేపు తెలిస్తే ఆమె నీ మీద కోపగించుకుని ఊరుకోదు, ఈ వీధిలో ఏ పిల్లనీ నా దగ్గరికి రానివ్వదు. నేను ఈ వీధికి ఇంకా పదేళ్ళు రావాలి."

"మరి చిన్ని?" అన్నాను నేను.

"దాని కోసమే నువ్విప్పుడు వెళ్ళి మామ్మతో మాట్లాడతావు."

"నేనా?"

"గీత గీసింది నేనా?"

ఈ పనిలో ఇంతకంటే మంచి సలహా నాకు ఎవరూ ఇవ్వలేదు. ఆ క్షణంలో మాత్రం ఆమెని తోసేసి బస్సెక్కి పారిపోదామనిపించింది.

వీధి ఎక్కడిదాకా

కుళాయి దగ్గర పైడమ్మ ఇత్తడి బిందె తోముతోంది. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. దారిలో తయారుచేసుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

"మామ్మా, తప్పు నాది. నేను వేపమండలు చూసి పండగ అనుకున్నాను."

ఆమె చెయ్యి ఆగింది. "పండగా?"

"అవును."

"ఏ పండగ?"

"తెలీదు."

పక్కనున్న ఆడవాళ్ళలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పైడమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"తెలుగు గుంటవేనా నువ్వు?"

"పార్వతీపురం మామ్మా, మా నాన్నది."

"ఓలమ్మా, పార్వతీపురం పిల్లకి అమ్మోరి గుమ్మం తెల్దంట, ఇన్నారా. ఈ సదువులేటో. కన్ను తెరిసి సూడరు, కాయితం మాత్రం సూత్తారు."

"ఏం చెయ్యాలో చెప్పు మామ్మా, చేస్తాను."

ఆమె చెప్పింది, నేను చేశాను. బిందెడు చల్లటి నీళ్ళలో పసుపు కలిపి, గడప తొక్కకుండా బయటే కూర్చుని ద్వారబంధం కడిగాను. మళ్ళీ పసుపు రాశాను. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూస్తోంది. నలుగురిలో నీళ్ళు తాగడానికే సిగ్గుపడేదాన్ని, నలభై మంది ముందు గొంతుక్కూర్చుని బొట్లు పెడుతున్నాను. "ఆ బొట్టు వంకర" అని ఒకరు. "ఎడం పక్కది సిన్నదైపోనాది" అని ఒకరు. "పోనీలే, రైలోళ్ళ పిల్ల, పాపం" అని ఇంకొకరు. మధ్యలో నాకే నవ్వొచ్చింది. చూసి వాళ్ళూ నవ్వారు. లోపల్నుంచి అప్పన్న పాప కూడా నవ్వింది, చిన్నగా.

అప్పటిదాకా రోడ్డు మీదే నిలబడ్డ షబానా దీదీ అక్కడి నుంచే పైడమ్మని పలకరించింది. "మామ్మా, ఎవరినీ ఆ ఇంట్లోకి వెళ్ళనివ్వకూడదన్న మీ పద్ధతి చాలా మంచిది. అలాగే ఉంచండి. డాక్టరు చెప్పేదీ అదే. మిగతా పిల్లల్ని ఆ గుమ్మం వైపు రానివ్వకండి. పాపకి కళ్ళు చెడకుండా నోట్లో వేసే విటమిన్ చుక్కలు డాక్టరు గారు ఇస్తారు, సూది కాదు. వేయించొచ్చా?"

నేను తెలుగులో చెప్పాను. పైడమ్మ కొంచెం మెత్తబడింది. తన పద్ధతిని ఆరోగ్య కేంద్రం మనిషి మెచ్చుకోవడం ఆమె ఎప్పుడూ వినలేదని తర్వాత చెప్పింది.

"నోట్లో ఏసీది పరవానేదు. సూది మాత్రం ఈదిలో దిగకూడదు. అమ్మ ఉన్నప్పుడు ఇనుము తగలకూడదు."

అక్కడితో మాట అయిపోయింది. షబానా దీదీ నాకేసి చూసింది. బుధవారానికి ఒక్క రాత్రే ఉంది. నాకు వాదించడం రాదు. నాకు తోచిన ఒకే ఒక్క ప్రశ్న అడిగాను.

"మామ్మా, అమ్మవారి వీధి అంటే ఎక్కడిదాకా?"

"ఏటీ?"

"మన వీధి ఎక్కడితో అయిపోతుంది?"

ఆమె ముఖం మారిపోయింది. అది ఆమె సొంత విద్య మరి. చెయ్యెత్తి చూపించింది.

"కుళాయి గట్టు దాకా మనది. గట్టు దిగితే రోడ్డు, అది కార్పొరేషనోళ్ళది. ముప్పయ్యేళ్ళు ఊడ్సినాను, నాకు తెల్దేటి? గట్టు ఇవతల సెత్త నాను ఎత్తేదాన్ని. అవతల సెత్త ఇంకో బీటు వోళ్ళది. ఒక్క ఆకు కూడా అటుది ఇటు తోయనిచ్చీదాన్ని కాను."

"అయితే అవతల మక్తబ్ వరండా?"

"అది మరీ అవతల."

అన్నాక ఆమెకి తట్టింది, తను ఏమన్నదో. నాకేసి చూసింది. నేను తల దించుకున్నాను. తెలివి చూపించడానికి అడిగిన ప్రశ్న కాదు అది, నిజంగా తెలియక అడిగింది.

అప్పుడు లక్ష్మి ముందుకొచ్చింది. "అత్తా, ఒక మాట సెప్తాను, తిట్టకు. రేపు నీకు తెలీకుండా పిల్లని తీసుకెల్దారనుకున్నాను. దిదిమణి వద్దంది. మీ అత్తకి దాచకూడదంది."

పైడమ్మ కోడలిని చాలాసేపు చూసింది. తర్వాత రోడ్డు మీది షబానా దీదీని చూసింది.

"వద్దన్నాదా?" అంది.

"వద్దంది."

పైడమ్మ బిందె ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. అది అవునో కాదో మాలో ఎవరికీ తెలియలేదు.

బుధవారం

ఆ సాయంత్రం మేం ఇమామ్ గారి ఇంటికి వెళ్ళాం. ఈసారి మక్తబ్ వరండాలో తెలుగు పిల్లలకి కూడా చోటు కావాలని అడిగాం. ఆయన జవాబు చెప్పేలోపు లోపలి నుంచి ఆయన భార్య, "చాపలు రెండున్నాయి, ఇంకో రెండు తెప్పిస్తాను, ఎంతమంది?" అంది. ఎంతమందో నాకు తెలియదు. ఒక్కరూ రాకపోవచ్చు. ఆ మాట ఆమెకి చెప్పలేదు.

పొద్దున పది గంటలు. వరండాలో ఒకవైపు చాపల మీద అటు వీధి తల్లులు నిండుగా కూర్చున్నారు. ఇటు పక్క రెండు చాపలు ఖాళీ. రోడ్డుకి అవతల, కుళాయి గట్టు మీద, తెలుగు వీధి తల్లులు పిల్లల్ని ఎత్తుకుని వరసగా నిలబడ్డారు. ఒక్కరూ గట్టు దిగడం లేదు. మధ్యలో రిక్షాలు పోతున్నాయి. లక్ష్మి వాళ్ళలో లేదు.

పదిన్నరైంది. షబానా దీదీ పెట్టె మూత తీసి మంచు సరిచూసి మళ్ళీ మూసింది. నేను చూడలేక ఖాళీ చాప అంచు సరిచేస్తున్నాను, దానికి ఏ వంకా లేకపోయినా.

అప్పుడు గట్టు మీద కదలిక. తల్లులు పక్కకి తప్పుకున్నారు. పైడమ్మ ఉతికిన చీర కట్టుకుని, నుదుటి మీద పెద్ద బొట్టుతో, చిన్నిని భుజాన వేసుకుని వచ్చింది. వెనక లక్ష్మి. గట్టు చివర ఒక్క క్షణం ఆగి, తను ముప్పయ్యేళ్ళు ఊడ్చిన హద్దుని కిందికి చూసి, దిగింది. రిక్షావాళ్ళు ఆగారు. ఆమె కోసం ఆగకపోతే ఏమవుతుందో ఆ రోడ్డు మీద అందరికీ తెలుసు.

వరండా ఎక్కి ముందు చాప దులిపింది. నేల చూసింది. "సుబ్బరంగానే ఊడ్సినారు" అంది, ఇమామ్ గారి భార్యతో తెలుగులోనే. ఆవిడ "బైఠియే, బైఠియే" అంది ఉర్దూలో, కూర్చోమని. ఇద్దరికీ పూర్తిగా అర్థమైంది.

"నా ఒళ్ళోనే పొడు" అంది పైడమ్మ షబానా దీదీతో, కుర్చీలో కూర్చుంటూ. "మెల్లిగా పొడుత్తావా?"

"మెల్లిగానే మామ్మా."

లక్ష్మి మొహం తిప్పుకుంది. నేను కూడా. చిన్ని ఒక్క క్షణం ఆశ్చర్యపోయింది, తర్వాత గుక్కపట్టింది, తర్వాత వరండా కప్పు లేచిపోయేలా ఏడ్చింది. అటు చాపల మీది పిల్లలు కూడా అందుకున్నారు. లక్ష్మి ఊరుకోబెట్టడానికి చేతులు చాపింది. పైడమ్మ ఇవ్వలేదు. లేచి, పిల్లని రోడ్డువైపు తిప్పి, గట్టు మీది వాళ్ళకి కనపడేలా ఎత్తి పట్టుకుంది.

"ఏడు తల్లీ, ఏడు. ఇంకా గట్టిగా ఏడు. గట్టు మీదోళ్ళకి ఇనపడాల."

చిన్ని ఆమె చెప్పినట్టే చేసింది. అవతల గట్టు మీద ఎవరో ఫక్కున నవ్వారు. ఆ తర్వాత మొదటి తల్లి గట్టు దిగింది, ఆమె వెనకే ఇంకొకామె, ఇంకొకామె. షబానా దీదీ తల ఎత్తకుండా, "పేర్లు రాసుకో, తొందరగా" అంది నాతో. నాకు రాయడం ఇష్టమని ఇందాకే చెప్పాను. ఆ రోజు నా చేతిరాత మాత్రం ఎవరూ చదవలేనట్టుంది.